చెన్నపురి మహజరులును సీమ పార్లమెంటును

ఆంగ్లేయుల దొరతనమును గూర్చి మనలో రెండు విధములైన అభిప్రాయములు చిరకాలమునుండి వాడుకలో నున్నవి. అది చట్టబద్ధమైన పాలన యనియు, ఎంతటి యధికారియైనను తన చేతలకు పై వారికి సమాధానము చెప్పుకొనవలసినవాడే యనియు కొందరందురు. అది వట్టి దోపిడియే యని మరికొంద రందురు. ఈ రెండింటిని ఎదురెదురుగ నిలిపి వాదించుటకంటె ఒక చిన్న ప్రశ్న వేసికొనుట మేలని నాకు తోచినది. నెల్లూరు సీమలోని ఒక రైతునకో, గంజాము జిల్లాలోని ఒక కూలివానికో అన్యాయము జరిగినపుడు, అతడు చెప్పుకొనవలసిన చోటేది? అతడు వ్రాసికొన్న అర్జీ కడపట ఎవరి చేతికి చేరుచుండెను?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు చెన్నపురికంటె అనువైన తావు లేదు. సీమలోని పార్లమెంటువరకు తమ మొర వినిపింపవలెనని దక్షిణ దేశమున మొట్టమొదట గట్టిగ పూనుకొన్నవారు ఈ పట్టణవాసులు. వారికి ముందు నడచినవాడు మన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. ఆయన చేసిన పని యెంతవరకు ఫలించినదో, ఎక్కడ ఆగిపోయినదో తెలిసికొన్నచో, ఆంగ్ల ప్రభుత్వపు జవాబుదారీతనము ఎంతటి బలము కలదియో, ఎంతటి బలహీనమైనదియో మనకు స్పష్టపడును.

1. అప్పులవారే తీర్పరులు

చెన్నపురితో తెలుగువారి సంబంధము ఆ పట్టణమంత పురాతనమైనది. 1639 లో కుంఫిణీవారు ఈ తీరమున కోట కట్టుకొనుటకు చోటు సంపాదించినది దామర్ల నాయకులవలన. ఆ నాయకుల తండ్రియగు చెన్నప్ప పేరనే పట్టణము వెలసినది. పదునేడవ శతాబ్దిలో బేరి తిమ్మన్న, కాసి వీరన్న మొదలగు తెలుగు వర్తకులు కుంఫిణీ వ్యాపారమునకు మూలస్తంభములై యుండిరి. అప్పటి కుంఫిణీ వట్టి బేరగాడు. బేరగాని తప్పొప్పులు వాని లెక్క పుస్తకములలోనే తేలును; ఇతరులు విచారింపవలసిన పని లేదు. ఆ బేరగాడు రాజై శిస్తు వసూలు చేయ మొదలిడినప్పుడే చిక్కంతయు పుట్టినది.

దీనికి మొదటి నిదర్శనము ఆర్కాటు నవాబు అప్పుల వ్యవహారము. నవాబు మహమ్మదాలీ వాలాజా చెన్నపురిలో చేపాకు భవనమున కాపురముండి, కుంఫిణీ ఉద్యోగులయొద్దనే పెద్ద వడ్డీలకు అప్పులు చేసెను. ఆ యప్పులకు హామీగ తన రాజ్యములోని జిల్లాల శిస్తును వారికి వ్రాసి యిచ్చుచుండెను. ఆ రాజ్యములో తమిళ జిల్లాలే గాక మన నెల్లూరు సీమయు చేరియుండెను. శిస్తు అప్పులవారి చేతికి పోయినప్పుడు ఆ భారమంతయు ఎవరి వీపున పడునో చెప్ప నక్కరలేదు. నవాబు భోగమునకు, దొరల వడ్డీకి నడుమ నలిగినవాడు నాగలి పట్టినవాడే.

1775 లో గవర్నరుగ వచ్చిన పిగటు ప్రభువు, కుంఫిణీ డైరక్టర్ల ఆజ్ఞ ననుసరించి, నవాబు వశపరచుకొన్న తంజావూరు రాజ్యమును మరల దాని రాజునకు ఒప్పగించెను. అంతట పాల్ బెన్‌ఫీల్డు అను కుంఫిణీ ఉద్యోగి, తంజావూరు పంటమీద తనకు లక్షలకొలది బాకీ రావలెనని పట్టుబట్టెను. ఒక చిన్న యుద్యోగికి అంతటి ధన మెట్లు వచ్చెనని అడుగవలసిన కౌన్సిలు సభ్యులలో అధిక సంఖ్యాకులు అతని పక్షమే వహించి, 1776 ఆగస్టు 24 వ తేదిన గవర్నరునే ఖైదు చేసిరి. 1777 మే నెలలో పిగటు ఆ నిర్బంధములోనే మరణించెను. తరువాత సీమలో విచారణ జరిగినది. నలుగురు కౌన్సిలు సభ్యులకు తలకొక వేయి పౌనుల జుల్మానా విధింపబడెను. గవర్నరును కూలద్రోసి ఖైదు చేసిన నేరమునకు శిక్ష యంతమాత్రమే.

అప్పుల సంగతి యంతకంటె విచిత్రము. 1784 నాటి పిట్టు చట్టము ఈ అప్పులను విచారింపుమని చెప్పినది. కాని కొత్తగ నేర్పడిన బోర్డు ఆఫ్ కంట్రోలులో డండాసు ప్రముఖుడుగ నుండి, విచారణ లేకయే వానిని చెల్లింప నిశ్చయించెను. 1785 ఫిబ్రవరి 28 వ తేదిన ఎడ్మండు బర్కు కామన్సు సభలో దీనిని ఖండించుచు సుదీర్ఘముగ ప్రసంగించెను. సభ వారు వినిరి. ఓటు మాత్రము వేయలేదు. బెన్‌ఫీల్డు స్వయముగ ఆ సభకు ఎన్నికైన వాడనియు, ఆర్కాటు సొమ్ముతో సభాస్థానములు సంపాదించినవారు మరికొందరుండిరనియు గమనించినచో ఆశ్చర్యపడ నక్కరలేదు.

1801 లో కర్ణాటక రాజ్యము కుంఫిణీ వశమైన పిమ్మట, మిగిలిన బాకీల విచారణకై 1805 లో ఒక ప్రత్యేక సంఘ మేర్పడెను. ఆ సంఘము ముందునకు వచ్చిన బాకీలు మూడు కోట్ల పౌనులకు మించియుండెను. ఏండ్ల తరబడి పత్రములు పరీక్షింపగా, వానిలో పదవ వంతైనను నిజమని నిలువలేదు. పాఠకు లీ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన నుంచి చూడ గోరుదును. విచారణ లేని చోట బాకీలన్నియు నిజమైనవి. విచారణ జరిగిన చోట పదింట తొమ్మిది పాళ్లు కూలిపోయినవి. మొదటిసారి లెక్క చూడవలసిన సభలో బాకీదారులే కూర్చుండియుండిరి. ఎవరిమీద ఫిర్యాదో వారియొద్దకే ఫిర్యాదు పోవుట యను వ్యాధి అప్పుడే మొదలైనది.

2. ఇరువది యేండ్ల కొక పరీక్ష

ఐనను న్యాయముగ చెప్పవలసినది మరియొకటి కలదు. కుంఫిణీ యధికారము శాశ్వతము గాదు. 1793, 1813, 1833, 1853 — ఇట్లు ఇరువది యేండ్లకొకసారి చార్టరు గడువు తీరుచుండెను. గడువు సమీపించినపుడెల్ల పార్లమెంటువారు సంఘముల నేర్పరచి, సాక్షుల నడిగి, కాగితములు తెప్పించి చూచెడివారు. 1812 లో వెలువడిన ప్రసిద్ధమైన అయిదవ నివేదిక అట్టి విచారణవలన పుట్టినదే. ఉత్తర సర్కారుల జమీందారులను గూర్చి, గ్రామ కరణములను గూర్చి, శిస్తు పద్ధతులను గూర్చి అందులోని వివరములు నేటికిని మన చరిత్రకారులకు ఉపయోగపడుచున్నవి. అడిగించుకొనువానికి అడుగువానితో పని యున్నంతకాలము, ప్రశ్నకు బలముండునని దీనివలన తెలియుచున్నది.

కాని ఈ పరీక్షలో రెండు లోపములుండెను. ఒకటి, పరీక్షకు పరీక్షకు నడుమ ఇరువది యేండ్ల యెడము. రెండు, సాక్ష్యమిచ్చువారు సామాన్యముగ కుంఫిణీ ఉద్యోగులో, మాజీ ఉద్యోగులో, వర్తకులో. పాలింపబడువాని నోటి మాట అక్కడికి చేరుట అరుదు.

1832-33 లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను మ్రింగిన డొక్కల కరవును తలచుకొనుడు. ఆ సీమలోని అయిదు లక్షల జనములో లక్షా యేబది వేలకు తక్కువ గాకుండ చచ్చిరని లెక్క. ఊళ్లు పాడువడెను. శిస్తు ఏండ్లతరబడి పడిపోయెను. ఆ 1833 లోనే పార్లమెంటు కుంఫిణీకి మరి ఇరువది యేండ్ల చార్టరు నిచ్చినది. ఆ చర్చలలో చీనా వర్తకము గలదు, డివిడెండు గలదు. గుంటూరు రైతులలో ఒక్కనినైనను పిలిచి యడిగినవారు లేరు.

3. గాజుల లక్ష్మీనరసు శెట్టి

ఈ లోపమును గుర్తించి, పాలింపబడువాని నోటి మాటను సీమకు చేర్ప బూనినవాడు లక్ష్మీనరసు శెట్టి. ఈయన 1806 లో చెన్నపురిలో జన్మించెను. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు, బట్టల వ్యాపారము చేసిన వర్తకుడు. లక్ష్మీనరసు శెట్టియు ఆ వర్తకముననే విశేషముగ ధనము గడించెను. ఆ ధనమును ప్రజాకార్యములలో వెచ్చించుట యాయన స్వభావము. 1844 లో ఆయన 'క్రెసెంటు' అను ఆంగ్ల పత్రికను నెలకొల్పి, హార్లీ యను ఆంగ్లేయుని దానికి సంపాదకునిగ నియమించెను. ఆనాటి చెన్నపురిలో ఆంగ్లేయుల పత్రిక లుండెను. ప్రజల కష్టములను దొరలకు తెలియు భాషలో చెప్పు పత్రిక లేకుండెను. ఆ కొరతను క్రెసెంటు తీర్చినది. దొరతనమువారికి ఆ పత్రిక కంటగింపయ్యెను.

1852 ఫిబ్రవరిలో ఆయన పూనికపై చెన్నపురిలో నొక సభ స్థాపితమయ్యెను. మొదట అది కలకత్తాలోని బ్రిటిష్ ఇండియన్ అసోసియేషనుకు శాఖగ నుండి, ఆ సంవత్సరముననే వేరుపడి మదరాసు నేటివ్ అసోసియేషనుగ స్వతంత్రించెను. కలకత్తావారి చింత ముఖ్యముగ జమీందారులను గూర్చినది. ఇక్కడి చింత రైతువారీ రైతును గూర్చినది. ఈ భేదమే వేరుపాటునకు ముఖ్యకారణమని తోచుచున్నది.

1853 లో చార్టరు గడువు తీరనుండెను. కావున సంఘమువారు తమ కష్టములను వివరించుచు పార్లమెంటుకు మహజరు పంపిరి. శిస్తు భారము, వసూలులో తహశ్శీలు నౌకరులు పెట్టు హింసలు, న్యాయస్థానములలో జాప్యము, బాటలు, నీటి పనులు, విద్యాలయముల కొరత — ఇవి యందలి ముఖ్యాంశములు. 1853 ఫిబ్రవరిలో ఎలెన్‌బరో ప్రభువు ఈ మహజరును ప్రభువుల సభ యెదుట ఉంచెను. చెన్నపురిలోని ఒక తెలుగు వర్తకుని గుమ్మమునుండి బయలుదేరిన కాగితము వెస్టుమినిస్టరు చేరినది. ఇది సామాన్యమైన విషయము గాదు.

అయినను చట్టము జరుగక మానలేదు. 1853 చట్టము కుంఫిణీకి గడువు పెట్టకయే, పార్లమెంటు వేరుగ నిర్ణయించువరకు అధికార మప్పగించెను. కాని లక్ష్మీనరసు శెట్టి నిరాశ చెందలేదు. ఆ సంవత్సరముననే సీమలోని ఇండియా సంస్కరణ సంఘమునకు అధ్యక్షుడును, కామన్సు సభ్యుడునగు డాన్బీ సేమూరు ఈ దేశమునకు వచ్చెను. శెట్టి ఆయనను గిండిలో ఎదుర్కొని, తానే వెంట నుండి జిల్లాలు త్రిప్పి, రైతులచేతనే వారి బాధలు చెప్పించెను. అప్పటివరకు పార్లమెంటు సభ్యుడు కాగితము చూచెను. ఇప్పుడు మనిషిని చూచెను. మహజరునకు లేని బలము దీనికి గలిగెను.

1854 జులైలో కామన్సు సభలో చెన్నపురి రాజధానిని గూర్చి చర్చ జరిగినప్పుడు, శిస్తు వసూలుకై రైతులను హింసించుట ఇక్కడ వాడుకగ నున్నదని సేమూరు బయటపెట్టెను. కుంఫిణీ పక్షమువారు నమ్మలేదు. కాని కంటితో చూచి వచ్చినవాని మాటను త్రోసివేయుట వారికి సాధ్యము గాలేదు. విచారణ కాజ్ఞ వచ్చెను.

4. హింసా విచారణ సంఘము

1854 సెప్టెంబరులో చెన్నపురి ప్రభుత్వమువారు ముగ్గురు సభ్యులతో విచారణ సంఘమును నియమించిరి. వారు ఎలియటు, స్టోక్సు, నార్టను. మొదటి యిరువురు ప్రభుత్వోద్యోగులు. మూడవవాడగు జాన్ బ్రూస్ నార్టను న్యాయవాది. ఈ రాజధానిలోని న్యాయపాలనమును అంతకుముందే బహిరంగముగ విమర్శించినవాడు. 1855 ఏప్రిలులో వీరి నివేదిక వెలువడెను. సంఘమునకు చేరిన ఫిర్యాదులు రెండువేలకు కొలదిగ మాత్రమే తక్కువ. వానిలో ఎక్కువ జాబులు. వందలకొలది జనులు స్వయముగ వచ్చి చెప్పుకొనిరి.

ఆ నివేదిక చదువుట కష్టము. కిట్టి యను కొయ్య సాధనమున వ్రేళ్లు బిగించుట, మెడను కాళ్లకు కట్టి వంచి యెండలో నిలుపుట, వీపుపై రాయి పెట్టుట, అన్నము నీళ్లు లేకుండ కచ్చేరి ముంగిట కూర్చుండబెట్టుట మొదలగునవి అందు వర్ణింపబడినవి. కొన్నిచోట్ల బాకీ కొలది రూపాయలు మాత్రమే. ఇవి యన్నియు తహశ్శీల్దారుల క్రింది నౌకరులు చేసినవని సంఘమువారు చెప్పి, ఆంగ్లేయాధికారులకు ఈ పాపములో పాలులేదని విడిచిపెట్టిరి.

కాని ఆ నివేదికలోనే ఇంతకంటె బరువైన మాట యొకటి కలదు. హింస యున్నదని తెలిసినప్పటికంటె, హింస పొందినవానికి న్యాయము దొరకుట యెంత దుర్లభమో తెలిసినప్పుడు తమకు ఎక్కువ బాధ కలిగెనని సంఘమువారు వ్రాసిరి. దానికి వారు చూపిన కారణములు గమనింపదగినవి. కలెక్టరునకు చెప్పుకొనవలెనన్న దూరప్రయాణము చేయవలెను. సెలవు గావలెను, ఖర్చు గావలెను. పనిమాలి అర్జీ వ్రాసి పంపినను, తహశ్శీల్దారుతో చెప్పుకొనుమను వాడుక షరాతో అది తిరిగివచ్చును. ఆ తహశ్శీల్దారే తన్ను బాధించినవాడు, లేదా బాధించినవానికి యజమాని. ఒకవేళ కలెక్టరు విచారించి నేరము రుజువు చేసినను, మేజిస్ట్రేటుగ అతడు వేయగల శిక్ష యేబది రూపాయల జుల్మానా గాని, ఒక మాసము ఖైదు గాని మాత్రమే.

ఈ స్థితి అకస్మాత్తుగ వచ్చినది కాదు. 1816 నాటి రెగ్యులేషనుల వలన కలెక్టరే మేజిస్ట్రేటు, పోలీసునకు పై యధికారియు అయ్యెను. క్రింద తహశ్శీల్దారునకును శిస్తు, పోలీసు రెండధికారములు దక్కెను. శిస్తు రాబట్టువాడే బంట్రోతును పంపువాడు. బంట్రోతును పంపువాడే ఫిర్యాదు వినువాడు. ఆర్కాటు అప్పులలో మనము చూచిన వ్యాధియే ఇక్కడ గ్రామస్థాయిలో కనబడుచున్నది. అక్కడ బాకీదారులు తీర్పరులైరి; ఇక్కడ హింసకులు విచారణాధికారులైరి. నేరమంతయు క్రింది నౌకరులదే యనుట న్యాయమా? జమాబందిలో శిస్తు తక్కువైనచో తహశ్శీల్దారు పని పోవును. హింస జరిగినచో అతనికి నష్టమేమియు లేదు. ఇట్టి యేర్పాటు చేసినవాడు కిట్టి పట్టుకొనలేదు గాని, పట్టించినవాడు గాడా?

ఐనను విచారణ వ్యర్థము గాలేదు. పోలీసును శిస్తు శాఖనుండి వేరుచేయవలెనను వాదము దీనివలన బలపడి, 1859 నాటి 24 వ చట్టము ద్వారా చెన్నపురి రాజధానిలో ప్రత్యేక పోలీసు శాఖ యేర్పడెను. శిస్తు రేట్లు సవరించుటకై కొత్త సర్వే, బందోబస్తులకు 1855 లోనే ఉత్తరువులు బయలుదేరెను. నివేదిక అచ్చుపడి సీమలో అందరికి అందుబాటయ్యెను. 1857 లో కారల్ మార్క్సు దాని నాధారము చేసికొని న్యూయార్కులోని పత్రికకు వ్యాసము వ్రాసెను. ఒక పట్టణములోని కొందరు వర్తకులు, వకీళ్లు గట్టిగ నిలచి అడిగినందున ఇంత జరిగినది. అడిగినచో జరుగునని తెలిసినది. అడుగకున్నచో ఇంకను ఎన్నేండ్లు కప్పబడి యుండెడిదో యని భయమును కలుగుచున్నది.

5. రాణీగారి పాలనలో

1858 లో కుంఫిణీ రాజ్యము పోయి రాణీగారి రాజ్యము వచ్చెను. ఈ మార్పును లక్ష్మీనరసు శెట్టియు ఆయన సంఘమువారును కోరినవారే. కుంఫిణీవంటి మధ్యవర్తి తొలగినచో పార్లమెంటు నేరుగ తమ్ము చూచునని వారు తలచిరి. ఆ తలపు సహజమైనదే. కాని జరిగినది దానికి విరుద్ధము.

కుంఫిణీ పోవుటతో చార్టరు గడువులు పోయెను. చార్టరుతోబాటు ఇరువది యేండ్ల విచారణలును పోయెను. ఇండియా మంత్రి యను నొక్క మంత్రి, ఆయనకు పదునైదుగురు సభ్యుల కౌన్సిలు, వీరి చేతిలో అధికారమంతయు చేరెను. మంత్రి పార్లమెంటునకు బాధ్యుడనుట మాట నిజమే. కాని ఆంగ్ల రాజ్యాంగమున మంత్రిని లొంగదీయునది మాటకాదు, డబ్బు. ఇతర మంత్రుల జీతములకు, శాఖల ఖర్చులకు కామన్సు సభ ఏటేట ఓటు వేయవలెను. ఓటు వేయునపుడు ప్రశ్న అడుగవచ్చును. ఇండియా మంత్రి జీతము మాత్రము ఇండియా రాబడినుండి చెల్లుచుండెను. కావున సభవారికి ఓటు లేదు. ఓటు లేనిచోట ప్రశ్నకు పదును లేదు. 1919 నాటి చట్టముతోగాని ఆ జీతము ఆంగ్ల ఖజానామీదికి మారలేదు. అరువదియొక సంవత్సరములు మన శిస్తుతో జీతము తినువానిని మన తరపున అడుగువారు లేరు.

ఏటేట ఇండియా లెక్కలును, దేశాభివృద్ధిని గూర్చిన నివేదికయు పార్లమెంటు ముందుంచవలెనని 1858 చట్టమున నున్నది. అట్లే యుంచుచుండిరి. కాని ఇండియా బడ్జెటు చర్చ సామాన్యముగ సమావేశముల కడపటి దినములలో, సభ్యులు పల్లెలకు పోయిన పిమ్మట, ఖాళీ బల్లల యెదుట జరుగుచుండెను. అంధుడైనను సూక్ష్మదృష్టి గల హెన్రీ ఫాసెట్టు దీనికై ఎంతో ఘోషించెను. 1867 లో తుర్కీ సుల్తాను లండనుకు వచ్చినపుడు ఆయన గౌరవార్థము ఇండియా ఆఫీసులో జరిగిన నృత్యోత్సవపు ఖర్చు ఇండియా రాబడిలో వ్రాయబడినదని ఆయన పట్టుకొనెను. రైతు చెల్లించిన శిస్తు లండనులో నృత్యమునకు పోయినది. దానికి ఓటు వేసినవారెవరును లేరు.

ఇక్కడ గమనింపదగిన విశేషము మరియొకటి కలదు. సరిగ ఆ కాలముననే ఆంగ్లేయులు తమ యింటి లెక్కలను కట్టుదిట్టము చేసికొనుచుండిరి. 1861 లో కామన్సు సభలో ప్రజా లెక్కల సంఘ మేర్పడెను. 1866 లో లెక్కల తనిఖీ చట్టము పుట్టి, ప్రతి శాఖ ఖర్చును స్వతంత్రుడగు ఆడిటరు పరీక్షించి సభకు తెలుపు పద్ధతి వచ్చెను. నేటికిని ప్రపంచమున ఎన్నియో దేశములు దీనినే మాదిరిగ తీసికొన్నవి. ఇండియా రాబడి ఈ కట్టుదిట్టమునకు వెలుపలనే నిలచెను.

6. గంజాము, ఒడిశా: 1866

ఆ 1866 లోనే ఒడిశా కరవు వచ్చినది. ఒడిశా అప్పుడు బెంగాలు ప్రభుత్వము క్రిందను, గంజాము మన చెన్నపురి రాజధాని క్రిందను ఉండెను. నేడు బరంపురము ప్రాంతమున నివసించు తెలుగువారి పూర్వులును ఈ కరవును చవిచూచినవారే. 1865 లో వానలు తప్పినవి. బియ్యము తెప్పింపవలెనని క్రిందినుండి వచ్చిన సూచనలను బెంగాలు రెవిన్యూ బోర్డు త్రోసివేసెను. ఋతుపవనములు వచ్చి రేవులు మూతపడు నాటికిగాని ఆపద తెలియలేదు. అప్పటికి ధనమున్నను ధాన్యము చేర్చు దారి లేదు. ఒడిశాలో పదిలక్షల మంది మరణించిరని లెక్క. అది జనాభాలో మూడవ వంతునకు దగ్గర. గంజామునందును కష్టము కలిగెను. కాని చెన్నపురి గవర్నరు నేపియరు ప్రభువు స్వయముగ ఆ జిల్లాకు పోయి చూచెను. కంటితో చూచుటకు, కాగితము చూచుటకు గల భేదము ఇక్కడ మరల కనబడుచున్నది.

1866 జులైలో ఇండియా మంత్రియైన క్రాన్‌బోర్ను ప్రభువు, వార్తలు చేరినను రెండు మాసములు తానేమియు చేయలేదని, ఆ నింద తన్ను విడువలేదని తరువాతి కాలమున తానే యొప్పుకొనెను. ఆయనయే పిమ్మట సాల్సుబరీ ప్రభువై ఆంగ్ల ప్రధానమంత్రి యయ్యెను. 1867 లో కామన్సు సభలో స్టాఫర్డు నార్తుకోటు, ఇండియా మంత్రి హోదాలో, ఈ విపత్తు తమ వైఫల్యమునకు నిలువెత్తు గురుతుగ మిగిలిపోవునని యంగీకరించెను. బెంగాలు లెఫ్టినెంటు గవర్నరు బీడను నిందకు పాత్రుడై స్వదేశము చేరెను. విచారణ జరిగినది, నివేదిక వచ్చినది, విచారము వెల్లడింపబడినది. శిక్ష పొందినవారు లేరు. పదిలక్షల ప్రాణములకు చెప్పబడిన సమాధాన మింతయే.

న్యాయము కొరకు మరియొక మాటయు చెప్పవలెను. ఆ విచారణ నిష్ఫలమైనది గాదు. అప్పటినుండి కరవులనుగూర్చి ప్రభుత్వము ముందుగ యోచింపవలెనను భావము నాటుకొని, 1880 నాటి కరవు సంఘమునకును, తరువాతి కరవు నిబంధనలకును దారితీసెను. కాని ఆ నిబంధనలు రాకముందే 1876-78 నాటి ధాత కరవు చెన్నపురి రాజధానిని, విశేషముగ మన రాయలసీమను, నాశనము చేసెను. తప్పు తెలిసికొనుటకును, దిద్దుకొనుటకును నడుమ గల కాలమును ఎప్పుడును పాలింపబడువాడే చెల్లించును.

7. ముగింపు

లక్ష్మీనరసు శెట్టి కడపటి సంవత్సరములను తలచుకొని ఈ వ్యాసమును ముగింతును. 1863 లో ఆయన చెన్నపురి శాసనసభలో సభ్యుడుగ నియమితుడయ్యెను. గొప్ప గౌరవమే. కాని 1861 నాటి చట్టము ప్రకారము ఆ సభ్యులు శాసనములనుగూర్చి మాత్రమే మాటలాడవలెను. ప్రభుత్వమును ప్రశ్నించుట కధికారము లేదు. ఆ యధికారము 1892 చట్టముతోగాని రాలేదు. జీవితమంతయు ప్రశ్నలు వేసినవానిని, ప్రశ్న వేయరాని సభలో కూర్చుండబెట్టిరి. 1868 లో ఆయన గతించెను. గడించిన ధనములో చాలభాగము ప్రజాకార్యములకే కరగిపోయినది.

ఆయన చరిత్రవలన తేలిన విషయములను మూడు మాటలలో చెప్పవచ్చును. అడిగించుకొనువానికి అడుగువానితో పని యుండవలెను. బాధపడినవాని మాట మధ్యవర్తుల చేతిలో పడకుండ నేరుగ చేరవలెను. ఖర్చుపెట్టువాని సంచి తాడు అడుగువాని చేతిలో నుండవలెను. ఈ మూడింటిలో ఒక్కటి లోపించినను, పేరునకెంత గొప్ప పార్లమెంటున్నను, అర్జీ తిరిగి తహశ్శీల్దారు కచ్చేరికే వచ్చును. ఆంగ్లేయులు తమ దేశమున ఈ మూడింటిని సాధించుకొనుచునే, మన విషయమున మూడింటిని విడిచిరి. ఇది వారి దుష్టత్వమని యనుటకంటె, అడుగు హక్కు లేనివానికి ఏ యుత్తమ ప్రభుత్వమును తానై సమాధానము చెప్పదనుట సత్యమునకు దగ్గర.

తమిళనాడునందును, ఒడిశానందును, ఇతర రాష్ట్రములందును తరతరములుగ స్థిరపడిన తెలుగువారమగు మనము మన పూర్వుల దేవాలయములను, సత్రములను, కవులను స్మరించుకొనుచున్నాము. అది యుచితమే. ఆ వరుసలో చెన్నపురి వర్తకుడొకడు తన ధనమిచ్చి వ్రాయించిన మహజరులకును చోటీయవలెనని నా విన్నపము. ఆ కాగితములయందు తెలుగువా డెవడో తమిళు డెవడో వేరుచేసి చూపలేము. శిస్తు చెల్లించి హింస పొందిన రైతులందరి మొరయు అందు కలదు. పరభాషల నడుమ నివసించు తెలుగువారు ఇరుగుపొరుగువారితో కలిసి ఒక్క కంఠముతో అడిగిన తొలి సందర్భములలో అది యొకటి. అట్టి వారసత్వమునకు మనము తగియుండుట యన, మన యూరి పంచాయతీ లెక్కయైనను, సంఘపు లెక్కయైనను, నిర్భయముగ అడుగుట. మనల నడిగినపుడు విసుగక చెప్పుట.